ఛాయాపురుషుడు: ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆట - పునర్విమర్శ

తెలుగున ‘ఆట’ యను మాట విస్తారమైన యర్థము గలది. చదరంగమును ఆటయే, కోలాటమును ఆటయే, తోలుబొమ్మలాటయు ఆటయే. చలనచిత్రశాలవారు సైతము మొదటి ఆట, రెండవ ఆట యనియే ప్రకటించుచుందురు. క్రీడకును ప్రదర్శనమునకును ఒకే మాటను వాడిన మన పెద్దలు ఆ రెండింటి నడుమ గోడ కట్టలేదని దీనివలన తెలియుచున్నది. కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిన యాలంకారికులకు, తెరమీది బొమ్మను తన చేతితో నడిపించుచు కథను తానే ముగించుకొను ప్రేక్షకుడు ఎదురుపడలేదు. నేడు మన యిండ్లలోని పిల్లలు పెక్కురు అట్టి ప్రేక్షకులే. కావున కంప్యూటరు ఆటను వట్టి కాలక్షేపమని త్రోసివేయక, కావ్యమునకు వేయు ప్రశ్నలనే దానికిని వేసి చూచుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకు నేనెన్నుకొన్నది నా బాల్యమున నన్ను మిక్కిలి యలరించిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’.

అమెరికా దేశీయుడైన జోర్డాన్ మెక్నర్ దీని కర్త. విద్యార్థిదశలోనే 1984 లో ‘కరటేకా’ యను ఆటను వెలువరించి పేరొందినవాడు. పిమ్మట సుమారు నాలుగు సంవత్సరములు శ్రమించి 1989 లో ఆపిల్ యంత్రమునకై దీనిని సిద్ధపరచెను. బ్రోడర్‌బండ్ సంస్థ ప్రకటించెను. తన తమ్ముడు డేవిడ్ చేత పరుగులు, దుముకులు చేయించి, వీడియో తీసి, ఆ చిత్రములను ఒక్కొక్కటిగ బొమ్మలుగా మార్చెను. కత్తియుద్ధపు భంగిమలకు 1938 నాటి రాబిన్ హుడ్ చలనచిత్రము ఆధారము. సంగీతము తండ్రి ఫ్రాన్సిస్ కూర్చెను. తొలుత అమ్మకము మందముగ సాగినను, 1990 లో ఐ.బి.యం. తరహా యంత్రములకు వచ్చిన పిమ్మట ఈ ఆట లోకమంతట వ్యాపించి మదరాసునకును చేరెను.

కథ చిన్నది. సుల్తాను యుద్ధమునకై దూరదేశమేగినప్పుడు మంత్రి జాఫర్ రాజ్యము నపహరింపదలచి, తన్ను పెండ్లాడుమని రాకుమారిని నిర్బంధించును. గంటలోపల సమ్మతింపవలెను, లేనిచో మరణింపవలెను. ఆమె వలచిన యువకుడు చెరసాలలో నుండును. అతడు పన్నెండు అంచెలు దాటి ఆమెను చేరవలెను. ఈ యువకునకు పేరు లేదు, పరదేశి, పుట్టుకచే రాకుమారుడును కాడు. ఆట పేరిట నున్న రాచరికము అతడు సాహసముచే సంపాదించుకొనవలసినదే. మన నగరమున విజయావారు నిర్మించిన ‘పాతాళభైరవి’ (1951)లో ఉజ్జయిని రాకుమారిని వలచిన తోటరామునకు ఇతడు చుట్టము. అందుచేతనే కాబోలు, మాకది పరాయికథ యనిపించలేదు.

ఈ కథకు ఊపిరి కాలము. నాయకుడు ముండ్లపై బడి చచ్చినను, ఇనుపకోరల నడుమ నలిగినను, మరల ఆ యంచె మొదటనుండి లేచును. ఎన్నిమారులు చచ్చినను లెక్కలేదు. పోయిన నిమిషములు మాత్రము మరల రావు. మరణమునకు మన్నింపు కలదు, కాలవ్యయమునకు లేదు. కావున పిల్లవాడు పరుగెత్తును. పరుగెత్తినవాడు గోతిలో బడును. ఒక అంతస్తు పడినచో గాయము లేదు; రెండైనచో ఆయువులో ఒక పాలు తరుగును; మూడైనచో మరణము. అడుగులో నడుగు వేసినవాడు మాత్రము గోతి యంచున నిలువగలడు. ఒకవంక తొందరపెట్టుచు, మరియొకవంక తొందర వలదని బోధించుట ఈ రచనలోని శిల్పము.

ఇక నా సంగతి చెప్పవలెను. 1995 వేసవి సెలవులలో, ఒక బంధువు పనిచేయు కార్యాలయమున, సాయంకాలము ఆరు దాటిన పిమ్మట మాకు కంప్యూటరు దొరికెడిది. నలుగురు పిల్లలము వంతులు వేసికొని యాడెడివారము. పన్నెండవ అంచెలో నా నాయకుని నీడ కత్తి దూసి అడ్డు నిలిచెను. దానిని కొట్టితిని, నేనే చచ్చితిని. పదిమార్లు కొట్టితిని, పదిమార్లు చచ్చితిని. అప్పుడొక పెద్దపిల్లవాడు, ఆట పేరునకు ‘మెగాహిట్’ అను మాట జోడించి ఆరంభించినచో అంచెలను దాటవేయవచ్చునని రహస్యము చెప్పెను. మన సినిమా గోడపత్రికల మీది మాటయే! అట్లు నీడను దాటవేసి, జాఫరును చంపి, రాకుమారిని చేరి, గెలిచితినని ముప్పదియేండ్లు చెప్పుకొంటిని. గత వేసవిలో ఆ మాట సాయము లేకుండ మొదటనుండి ఆడితిని. అప్పుడు గాని, నేను దాటవేసినది అంచె కాదు, కథయే యని తెలియలేదు.

ఆ నీడ పుట్టుక నాలుగవ అంచెలో. వెలుపలికి బోవు దారిలో అద్దమొకటి అడ్డముగ నిలుచును. పరుగెత్తి దానిలోనికి దుముకుట తప్ప గతి లేదు. దుమికినంతనే అద్దపు రెండవ వైపునుండి నాయకుని నీడ బయటపడి పారిపోవును. అతనికి ఆయువు ఒక్క పాలు మాత్రమే మిగులును. ఐదవ అంచెలో అతడు కోరిన పానీయమును ఆ నీడ ముందుగనే త్రాగివేయును. ఆరవదానిలో సమయము చూచి తలుపు దింపి, అతడు క్రిందికి జారిపడునట్లు చేయును. పన్నెండవదానిలో కత్తితో నెదిరించును. కొట్టిన ప్రతి దెబ్బయు కొట్టినవానికే తగులును. నీడ చచ్చినచో తానును చచ్చును. ఉపాయమొక్కటే: కత్తిని ఒరలో పెట్టుట. అంతట నీడయు కత్తి దించును. ఇరువురును ఎదురెదురుగ వచ్చి ఒక్కటి యగుదురు. పిదప ఎదుట శూన్యము. ధైర్యముతో సాగినవానికి కాలు మోపిన చోటనెల్ల నేల పుట్టును. పదకొండు అంచెలలో వీరమును పోషించి, కీలకస్థానమున ఆయుధమును దించుమనుట సామాన్యమైన కల్పన కాదు.

దీని పుట్టుక మరింత ఆశ్చర్యకరము. తొలుత ఈ ఆటలో పోరాడు శత్రువులే లేరు. పోరు లేనిదే రక్తి కట్టదని మిత్రులు చెప్పిరి. యంత్రపు జ్ఞాపకస్థానమున వేరొక పాత్ర బొమ్మలకు చోటు లేదు. అంతట కర్త నాయకుని బొమ్మలనే తీసికొని, వాని చుక్కలను తారుమారు చేసి నీడగ నిలిపెను. కావలి భటులు తరువాత వచ్చినవారు. చోటు చాలమిచే పుట్టిన పాత్రయే కథకు ప్రాణమైనది. యతిప్రాసల నిర్బంధమున కవి వెదకి వెదకి, స్వేచ్ఛగ వ్రాసిన తోచని మాటను పట్టుకొనుట మనకు క్రొత్త కాదు.

మన కథలతో పోల్చి చూతము. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణము ఎక్కడనో చిలుకలో దాగియుండును. చిలుక చచ్చినచో వాడు చచ్చును. శత్రువు వేరు, తాను వేరు. పెద్దన మనుచరిత్రమున గంధర్వుడు ప్రవరుని రూపము దాల్చి, ప్రవరుడు నిరాకరించిన వరూధినిని పొందును. ప్రవరుడు తన మాయారూపమును ఎన్నడును ఎదుర్కొనడు. ఇల్లు చేరి నిశ్చింతుడగును. తన రూపముతో లోకమున నేమి జరిగినదో ఎరుగడు. మెక్నర్ నాయకునకు ఆ నిశ్చింత లేదు. తన రూపము చేసిన పనికి తానే యెదురు నిలువవలెను. ప్రబంధముకంటె ఆట గొప్పదని నా వాదము కాదు. ప్రబంధమున మిగిలిన యొక ప్రశ్నను ఈ ఆట వేయుచున్నదని మాత్రమే.

దోషములును కలవు. రాకుమారి గది విడిచి కదలదు. ఎనిమిదవ అంచెలో ఎలుకను పంపి తలుపు తెరిపించుటయే ఆమె చేసిన సాయము. వ్రతమను నెపముతో మాంత్రికుని ఏండ్ల తరబడి నిలువరించిన బాలనాగమ్మ నెరిగిన మనకు ఈ పాత్ర పేలవముగ తోచును. ఇందలి పర్షియా, పేరునకు మాత్రమే పర్షియా. అరేబియా కథల సినిమాలలోని కోటలకును, మంత్రులకును ఇది ప్రతిబింబము.

అయినను నా మనసు పన్నెండవ అంచెనే తలచుచున్నది. నేను తెలుగు చెప్పు పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకమున ఆంగ్లము. ‘అవును’ అనవలసిన చోట ‘ఆమా’ అందురు. అట్టి మాటను ఎర్రసిరాతో కొట్టివేయుటయే బోధన యని యిన్నాళ్ళు నమ్మితిని. కొట్టిన కొలది పిల్లవాడు వ్రాయుట తగ్గించెను; పిదప తరగతిలో మాటలాడుటయు మానెను. ఎర్రగీత తగిలినది తమిళమునకు కాదు, వాని తెలుగునకే. ఈ నగరమున పుట్టిన తెలుగువానికి ఆ నీడ తనదే గదా. తప్పు ఒప్పగునని నేననను. కాని యిప్పుడు గీత గీయుటకు ముందు, ఆ మాటను ఎక్కడ విన్నాడో వానినే అడుగుచున్నాను. కొట్టివేయక, ప్రక్కన తెలుగుమాటను వానిచేతనే వ్రాయించుచున్నాను. వ్రాతపుటలు మరల నిండుచున్నవి.

2012 లో ఈ ఆట మూలలిపి గల ఫ్లాపీలు కర్తయొక్క తండ్రి యింట బయటపడినవి. కర్త దానిని ఎల్లరును చదువుకొనుటకు ప్రకటించెను. బ్రౌను సేకరించిన తెలుగు వ్రాతప్రతులను భద్రపరచిన యీ నగరమువారికి అట్టి పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పిల్లలు ఆటలతో చెడుచున్నారని విచారించు తల్లిదండ్రులు, విసుగుకొనుటకు ముందు వారి ప్రక్కన కూర్చుండి ఒకమారు ఆడి చూడవలెనని నా ప్రార్థన. దాటవేయు మాటను మాత్రము అడుగవలదు.