ఫారంలో రెండు గళ్లు

షాద్‌నగర్‌లో మందుల షాపు మీది మేడలో ఆదివారం పొద్దున ఏడింటికి కూచిపూడి క్లాసు. పన్నెండుమంది పిల్లలు, గరుకు సిమెంటు గచ్చు. మా అమ్మాయికిది ఆరో ఏడు. ఈ మధ్యే పళ్లెం ఎక్కింది. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో పట్టి, తాళం తప్పకుండా పళ్లాన్ని నడపాలి. మొదటి వారం పళ్లెం గచ్చు మీద కర్రుమని గీసుకుపోయింది, పిల్ల వేళ్లు కమిలిపోయాయి. "కాలితో నెడ్తే పళ్లెం నడ్వదు. నడుంల బరువు మార్చు" అంది మేడం. మూడో వారానికి ఆ కర్రుమనే చప్పుడు కాస్తా తాళంలో పడింది.

పోయిన నెల ఓ పోటీ ఫారం వచ్చింది. పేరు, వయసు, ఫీజు, అడుగున రెండు గళ్లు: శాస్త్రీయం, జానపదం. మెట్ల మీద కూర్చుని నింపుతుంటే వాచ్‌మన్ తాత పక్కకొచ్చాడు. కుర్రతనంలో ఊళ్లెంట వీధి భాగోతాలాడిన మనిషి.

"ఏమాడ్తది బిడ్డ?"

"సత్యభామ, తాతా."

"గా యాసం నేను గూడ గట్టిన. తెల్లారేదాంక ఆడేటోళ్లం. మరి మాది ఏ గళ్ల వడ్తది?"

"జానపదం" అన్నాను. "గట్లనా" అని గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. నాకే పెన్ను కదల్లేదు.

ఈ గళ్లు ఎప్పటివి? సంగీత, నృత్య, నాటకాల కోసం ఢిల్లీలో సంగీత నాటక అకాడమీని 1953 జనవరి 28న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తొలి అధ్యక్షుడు మన తెలుగువాడే, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్. తీర్పులే కాదు, నాటకాలూ రాసిన మనిషి. అయినా 1958లో అకాడమీ నృత్య సదస్సు పెట్టినప్పుడు కూచిపూడి పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. విస్సా అప్పారావు పత్రం చదివారు, కాంచనమాల ఆడి చూపించారు. ఇది భరతనాట్యానికి నకలే కదా అన్న పెదవి విరుపు తప్పలేదు. ఆ మాట మనవాళ్లకు గుచ్చుకుంది. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాద్‌లో సదస్సు పెట్టింది. బందా కనకలింగేశ్వరరావు లాంటివాళ్లు పట్టుబట్టి, కూచిపూడికీ శాస్త్రముందని అక్కడ నిలబెట్టారు.

ఫలితం త్వరగానే వచ్చింది. 1961లో వేదాంతం సత్యనారాయణ శర్మకు ఢిల్లీ అకాడమీ అవార్డు ఇచ్చింది. అప్పటికాయనకు పాతికేళ్లు దాటీ దాటలేదు. సత్యభామగా ఆయన తెర మీంచి జడ వేస్తే అది మగవాడి జడ అని ఎవరికి గుర్తుండేది? ఆ జడ ఉత్త అలంకారం కాదు, సభలోని పండితులకు సవాలు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన నృత్యనాటకాలను మనవాళ్లు 'బ్యాలే' అని పిలుచుకున్నారు. అంతకుముందే వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. మగవాళ్ల మేళం ఆడపిల్లల క్లాసయింది, రాత్రంతా సాగే భాగవతం పావుగంట ఐటెమయింది. ఆ మార్పే లేకపోతే మా అమ్మాయి కాలికి గజ్జె లేదు. కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు.

కానీ తాత ప్రశ్న ఊరికే పోయేది కాదు. కూచిపూడిలో ఆడవాళ్లకు చోటు లేని రోజుల్లోనే తెలంగాణ చిందు యక్షగానంలో ఆడవాళ్లు రంగం మీద ఉన్నారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. అక్కడా దరువులే, అక్కడా పురాణ కథలే, అక్కడా గురువు దగ్గర ఏళ్లకేళ్లు నేర్చిన విద్యే. లేనిదల్లా పత్రం చదివే పండితుడు, పట్టుబట్టే సదస్సు. చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది 2024లో. అకాడమీ జానపదులకూ అవార్డులిస్తుంది, కాదనను. అయితే ఆ వరస వేరు. శాస్త్రీయమని అది లెక్కపెట్టిన ఎనిమిది నృత్యాల్లో అస్సాం సత్రియా చేరింది 2000లోనే. నిన్నటిదాకా బయట ఉన్నది ఇవాళ లోపలికొచ్చిందంటే, గీత కళలో లేదు, గీసే చేతిలో ఉంది.

అకాడమీలు అక్కర్లేదనను. నలభై ఏళ్లు దరువు పట్టిన మనిషికి శాలువా, పెన్షను, పదిమందిలో పేరు కావాలి. అవి ఇవ్వాలంటే ఏదో ఒక జాబితా తప్పదు. జాబితా రాసేవాళ్లు ఆట ముందు చూసి, గడి తర్వాత గీస్తే చాలు.

ఫారంలో శాస్త్రీయం దగ్గరే టిక్కు పెట్టాను. సత్యభామ పేరుతో జానపదం గడిలో టిక్కు పెడితే తిప్పి పంపుతారు. మొన్న ఆదివారం మేడం తాతను పైకి పిలిచింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లుంగీ ఎగగట్టి, నోటితోనే దరువు అందుకున్నాడు. మోకాళ్లు సహకరించలేదు గానీ మెడ తిప్పుతూ లేని జడను ముందుకు లాక్కున్నాడు. మేడం తాళాలు అందుకుంది. రెండో చుట్టుకు ఇద్దరి లెక్కా కలిసింది. మా అమ్మాయి పళ్లెం దిగి, ఆ మెడ తిప్పడం నాలుగుసార్లు చేసి చూసింది. నాలుగోసారి తాత తలూపాడు.