ఆంగ్లమున తీక్ష్ణార్థక పదములు: వ్యుత్పత్తియు ప్రయోగమును

చేదు, కారము నాలుకకు దెలియు గుణములు. వాడి, మొన చర్మమునకు దెలియునవి. ఆంగ్లభాషలో మొదటివానికి పేర్లు తఱచుగా రెండవవానినుండియే వచ్చినవి. చేదును దెలుపు ‘బిట్టర్’ శబ్దము, కొఱుకుట యను నర్థముగల ‘బైట్’ క్రియతో నేకమూలము. లాటినున ‘ఆకెర్’ అనగా వాడియైనది. ఘాటైన పొగకు వాడు ‘ఆక్రిడ్’ శబ్దమును, వైరవాక్కునకు వాడు ‘ఆక్రిమొనీ’ శబ్దమును దానినుండి పుట్టినవే. కత్తియంచును దెలుపు ‘ఎడ్జ్’ సైత మా ప్రాచీనధాతుకుటుంబములోనిదే. పొడుచుట యను నర్థముగల ‘పుంగెరే’ ధాతువునుండి లాటిను త్రోవను ‘పంజెంట్’, ఫ్రెంచి త్రోవను ‘పాయ్‌న్యంట్’ వెలువడినవి. మొదటిది నేడును ఘాటునకు వర్తించుచున్నది. రెండవదానిని 14వ శతాబ్దమున చాసర్ కవి వ్యంజనపు రుచికి వాడెను. నేడది హృదయమును గలచు దుఃఖమునకు ముఖ్యముగా వర్తించును.

ఈ మార్పు ఆంగ్లమునకే పరిమితము గాదు. సంస్కృతమున చేదునకు ‘తిక్త’ మని పేరు. తిక్తము, తీక్ష్ణము రెండును ‘తిజ్’ ధాతుజన్యములే. ఆయుర్వేదమున ‘కటు’ వనగా కారము. ‘కటుక’ శబ్దభవమైన హిందీ ‘కడ్‌వా’ చేదును దెలుపును.

ఇంతమాత్రమున వ్యుత్పత్తియే యర్థమని తలంచుట పొరపాటు. ‘ఈగర్’ శబ్దమే యిందుకు సాక్షి. పులిసిన ద్రాక్షసారాయమను నర్థముగల ‘వినెగర్’ లోని యుత్తరపదమును, ‘ఈగర్’ శబ్దమును పుల్లని దను నర్థముగల ఫ్రెంచి ‘ఏగ్ర్’ శబ్దమునుండి వచ్చినవి. అయినను నేడు ‘ఈగర్’ అనబడు బాలుడు ఉత్సాహవంతుడే కాని పుల్లనివాడు గాడు. హామ్లెట్ నాటక ప్రథమాంకమున షేక్స్పియరు చలిగాలికి నీ విశేషణమునే కూర్చెను. అచ్చట ఉత్సాహమని తెనిగించినచో వాక్యము చెడును. కొఱుకు చలియని గ్రహింపవలెను.

కావున అనువాదకునకు రెండు జాగ్రత్త లవసరము. ప్రాచీనగ్రంథములు చదువునపు డాకాలమున శబ్దమునకు గల యర్థమును వెదకవలెను. నేటి రచనలకు నేటి ప్రయోగమే ప్రమాణము. నిఘంటువులో మొదట గనబడిన ‘చేదు’ నే యెల్లెడల నుంచుట యుక్తము గాదు. వేపాకు చేదు, మిరియము కారము, పొగ ఘాటు, పగవాని పలుకు కటువు. ఇన్ని మాటలు గల తెలుగు వానిని గలగాపులగము చేసికొననేల? మూలము శబ్దము నడచివచ్చిన దారిని జూపును. అది చేరిన చోటును జూపునది ప్రయోగమే.