అటుకుల మూట ఎవరు విప్పారు?

ఈమధ్య ఫోన్‌లో ఒక రీలు కనబడింది. మనసులో సమృద్ధి నింపుకోవడం ఎలా అనే విషయం మీద ఒకాయన మాట్లాడుతున్నాడు. మనం ఎంత ధారాళంగా ఇస్తే అంతకు పదింతలు తిరిగొస్తుందని చెప్పి, దానికి కుచేలుడి కథని ఉదాహరణగా తెచ్చాడు. పిడికెడు అటుకులు పెట్టాడు, మేడలూ సంపదలూ వచ్చాయి. ఇన్‌పుట్ ఇంత, అవుట్‌పుట్ ఇంత. నేను రోజంతా చేసేది అలాంటి పనే కాబట్టి కథ అలా చెబితే నాకు ఠక్కున అర్థమైపోయింది. ఒక భాగవత కథ నాకు అంత తేలిగ్గా అర్థమైందంటే అందులో ఏదో తేడా ఉండాలి. ఆ శనివారం పోతన దశమ స్కంధం తీసి కుచేలోపాఖ్యానం మళ్లీ చదివాను. తర్వాత వెనక్కి వెళ్లి అష్టమ స్కంధంలో వామన చరిత్ర కూడా చదివాను. రెండూ ఇవ్వడం, పుచ్చుకోవడం గురించిన కథలే. కానీ రెండూ కలిపి చదివినప్పుడు, ఇవ్వడం కంటే పుచ్చుకోవడమే కష్టమైన విద్య అని పోతన చెబుతున్నట్టు అనిపించింది.

ముందు కుచేలుడి సంగతి. ఆయన కృష్ణుడి దగ్గరికి తనంతట తాను బయల్దేరలేదు. పిల్లల ఆకలి చూడలేక భార్య పంపింది. ఆమె ఆలోచన ఇంటి దరిద్రం తీరాలని. ఆయనకేమో ఈ వంకన పాత స్నేహితుణ్ణి చూడొచ్చని. సరే, మరి ఉత్తచేతులతో ఎలా వెళ్లడం? సంస్కృత భాగవతంలో ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. ఆ నాలుగు పిడికిళ్ల అటుకులు వాళ్ల ఇంట్లోవి కావు. ఆమె చుట్టుపక్కల ఇళ్లలో అడిగి తెచ్చి, గుడ్డపేలికలో మూటగట్టి ఇచ్చింది. అంటే కృష్ణుడికి ఇవ్వబోయే కానుక కూడా ఎవరో ఇచ్చిందే. కథలో మొదటగా పుచ్చుకున్నది కుచేలుడు కాదు, ఆయన భార్య. ఈవిడ గురించి ఏ రీలూ మాట్లాడదు.

ద్వారకలో ఏం జరిగిందన్నది అందరికీ తెలుసు. కానీ ఏ వరుసలో జరిగిందన్నది ముఖ్యం. కృష్ణుడు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. తన పాన్పు మీద కూర్చోబెట్టాడు. కాళ్లు కడిగాడు. రుక్మిణి వింజామర వీచింది. తర్వాత ఇద్దరూ గురువుగారి ఇంట్లో చదువుకున్న రోజులు తల్చుకున్నారు. కట్టెల కోసం అడవికి వెళ్లి వానలో, చీకట్లో చిక్కుకుపోయిన రాత్రి గురించి చెప్పుకున్నారు. ఇంత జరిగేదాకా అటుకుల ప్రస్తావనే లేదు. కుచేలుడికి దక్కిన మర్యాదంతా మూట విప్పకముందే దక్కింది. కాబట్టి దీన్ని అటుకులకి బదులు అనడానికి లేదు.

అప్పుడు కృష్ణుడు అడుగుతాడు, నాకోసం ఏం తెచ్చావని. కుచేలుడు తలవంచుకుంటాడు. ఆయనకి చేతకానిది అడగడమే అనుకుంటాం గానీ, నిజానికి ఇవ్వడం కూడా చేతకాలేదు. ఇంత వైభవం మధ్య ఈ అటుకులేమిటని సిగ్గు. మూట దాచుకున్నాడు. అది విప్పింది కృష్ణుడు. లాక్కున్నాడన్నా తప్పులేదు. ఒక పిడికెడు తిన్నాడు. రెండో పిడికెడు తీసుకోబోతుంటే రుక్మిణి చెయ్యి పట్టుకుని ఇక చాలంది.

ఈ ఘట్టంలో దాత ఎవరు? కానుక తెచ్చిన మనిషి ఇవ్వలేక కూర్చున్నాడు. ప్రపంచంలో ఏ లోటూ లేనివాడు చెయ్యి చాపి అడిగాడు. ఆ అడగడంతోనే కుచేలుడు యాచకుడి స్థానం నుంచి స్నేహితుడి స్థానంలోకి వచ్చాడు. కృష్ణుడు అటుకుల జోలికి పోకుండా మేడలు మాత్రమే ఇచ్చి పంపి ఉంటే, మిగిలేది ఒక రాజు చేసిన దానం. చిన్నప్పటి స్నేహం అక్కడితో అయిపోయేది. కుచేలుడికి కృష్ణుడు ఇచ్చిన పెద్ద బహుమతి ఆయన దగ్గర పుచ్చుకోవడమే అనిపిస్తుంది నాకు.

రీలు వదిలేసిన భాగం ఇంకోటి ఉంది, తిరుగుప్రయాణం. కుచేలుడు మర్నాడు బయల్దేరాడు. ఆయన ఏమీ అడగలేదు, కృష్ణుడు చేతికి ఏమీ ఇవ్వలేదు. వెళ్లిన పని కాలేదు. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో తెలీదు. అయినా దారి పొడుగునా తల్చుకుంటున్నది కౌగిలింతనీ, వింజామరనీ, కూర్చున్న పాన్పునీ. డబ్బిస్తే మదమెక్కి తనని మర్చిపోతానని ఇవ్వలేదేమో అని కూడా సర్దుకున్నాడు. ఊళ్లో తన గుడిసె ఉన్నచోట మేడ లేచిందని ఆయనకింకా తెలీదు. సమృద్ధి అనే మాటకి ఏమైనా అర్థం ఉంటే అది ఈ దారిలో ఉంది. ఇంటిదగ్గరి సంపద దానికి తర్వాత వచ్చి చేరింది. మేడ కనబడ్డాక కూడా ఆయన దానికి అంటిపెట్టుకోకుండా బతికాడని కథ చెబుతుంది. పదింతలు తిరిగొస్తుందన్న లెక్క ఇక్కడ పనికిరాదు. లెక్క చూసుకునే మనిషికి ఆ దారి పొడుగునా ఏడుపే మిగిలేది.

ఇప్పుడు బలి. ఈయన ఇవ్వడంలో ఆరితేరినవాడు. యాగశాలకి వచ్చిన పొట్టి బ్రహ్మచారిని ఏం కావాలని అడుగుతూ పోతన బలి ఒక పెద్ద జాబితా చదువుతాడు. బట్టలు, డబ్బు, ఆవులు, గుర్రాలు, ఏనుగులు, ఇళ్లు, భూమి. ఆయన ఉదారుడే, సందేహం లేదు. కానీ అవతలి మనిషికి ఏం అవసరమో తెలుసుకుందామన్న ఆలోచన కంటే, తన దగ్గర ఎంతుందో చెప్పుకునే ఉత్సాహం ఎక్కువ వినబడుతుంది. వామనుడు మూడడుగులు చాలన్నప్పుడు బలికి అది చిన్నతనంగా తోస్తుంది. ఇంత తక్కువా?

శుక్రాచార్యుడు వద్దన్నాడు. వచ్చినవాడు విష్ణువు, నిన్ను ముంచుతాడన్నాడు. దానికి బలి ఇచ్చిన జవాబులో మనందరికీ నోటికొచ్చిన ఒక పద్యం ఉంది. లక్ష్మీదేవి కొప్పునీ, మేనునీ, పాదాలనీ తాకిన చెయ్యి కింద ఉండి, తన చెయ్యి పైన ఉండటం కంటే కావలసిందేముంది అంటాడు. రాజ్యాన్నయితే ఇంట్లో పాతసామాను గురించి మాట్లాడినట్టు జంటపదం వేసి తేలిగ్గా కొట్టిపారేస్తాడు. స్కూల్లో ఈ పద్యాన్ని త్యాగానికి పరాకాష్ఠగా చెప్పారు. ఇప్పుడు చదివితే త్యాగంతోపాటు ఇంకోటి కూడా కనబడుతోంది. బలి రాజ్యం వదులుకోగలడు, ప్రాణం వదులుకోగలడు, 'పైచెయ్యి' మాత్రం వదులుకోలేడు. అన్నీ పోయినా తనకి మిగిలే సంతోషం అదొక్కటే. తెలుగులో పైచెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నన్ను ఆపేసింది ఈ చోటే. ఎందుకంటే నేను బిల్లు కట్టే రకం. స్నేహితులతో ఎక్కడికెళ్లినా ముందు నా ఫోనే స్కానర్ మీదికి వెళుతుంది. ఎవరైనా తిరిగి పంపబోతే ఒప్పుకోను. అది మంచితనమనే అనుకుంటూ వచ్చాను. మా నాన్న తెనాలి నుంచి రాత్రి బస్సెక్కి మినుములు, కొత్త బియ్యం, ఆవకాయ జాడీ మోసుకొచ్చేవాడు. "ఎందుకు నాన్నా ఈ మోత, యాప్‌లో నొక్కితే పది నిమిషాల్లో తెచ్చిస్తారు" అనేవాణ్ణి. ఆయన నడుం నొప్పి గురించే అన్నాననుకున్నాను. నెలనెలా ఆయన ఖాతాలో డబ్బు మాత్రం వేస్తూనే ఉన్నాను. పోయిన సంక్రాంతి తర్వాత వచ్చినప్పుడు చేతిలో బట్టల సంచీ ఒక్కటే ఉంది. నేనది గమనించి, పోన్లే, ఇన్నాళ్లకి మాట విన్నాడని సంతోషించాను. బలి పద్యం దగ్గర ఆగినప్పుడు ఆ బట్టల సంచీ గుర్తొచ్చింది.

మళ్లీ కథలోకి. రెండడుగుల్లో భూమీ ఆకాశమూ అయిపోయాయి. మూడో అడుగుకి చోటు లేదు. బలిని వరుణపాశాలతో కట్టేశారు. ఇవ్వడానికి ఇక వస్తువంటూ లేనప్పుడు, నీ పాదం నా తల మీద పెట్టమన్నాడు. చెయ్యి పైన ఉందని మురిసినవాడి తల ఇప్పుడు పాదం కింద ఉంది. అదే పూట, అదే మనిషి. ఇంతసేపూ ఇచ్చినవాడు మొదటిసారి పుచ్చుకున్నాడు. విష్ణువు ఆయనకి సుతలం ఇచ్చి, అక్కడ వాకిలి కాస్తానని మాటిచ్చాడు. సర్వం తీసుకున్నవాడు గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఇందులో చివరికి ఎవరి చెయ్యి పైన ఉందో తేల్చడం నా వల్ల కాలేదు. తేలకపోవడమే ఈ ముగింపులో నాకు నచ్చింది.

ఇదంతా చాలా అందంగా ఉంది కానీ, అవతలి పక్షం వాదన వినకుండా ఆపేస్తే అన్యాయం. జోతిరావు ఫూలే 1873లో వచ్చిన 'గులాంగిరి'లో ఈ కథనే తిరగేసి చదివాడు. ఆయన దృష్టిలో బలి శూద్రుల మంచి రాజు, వామనుడు మోసంతో రాజ్యం లాక్కున్న ఆక్రమణదారు. ఈ చదువు ఒకసారి విన్నాక, తల మీద పాదాన్ని కేవలం వినయానికి గుర్తుగా చూడలేం. పుచ్చుకోవడం నేర్చుకో, తల వంచు అని లేనివాళ్లకి ఉన్నవాళ్లు చెబితే అది బోధ కాదు, పెత్తనం. ఈ దేశంలో దానం ఎవరు ఎవరికి చెయ్యాలన్నది కులాన్ని బట్టే చాలాకాలం నడిచింది కూడా. కాబట్టి నేను చెప్పేది పైచెయ్యి అలవాటైనవాళ్లకే. నాలాంటివాళ్లకి. రెండు కథల్లోనూ చెయ్యి చాపి అడిగినవాడు బలవంతుడే. కానీ వామనుడు వేషం వేసి అడిగాడు, కృష్ణుడు తానుగా అడిగాడు. ఈ తేడా చిన్నది కాదు.

కేరళవాళ్లు ఈ కథని ఇంకా మంచిచోట ముగించుకున్నారు. అక్కడ బలి ఏడాదికోసారి ఓణానికి తన జనాన్ని చూడ్డానికి వస్తాడు. వాకిట్లో పూలముగ్గు వేసి, అరిటాకుల్లో విందు వండి ఎదురుచూస్తారు. ఇచ్చి ఇచ్చి అన్నీ పోగొట్టుకున్న రాజు చివరికి అందరి ఇళ్లకీ అతిథి అయ్యాడు. పుచ్చుకోవడం ఆయనకి అక్కడ అచ్చొచ్చింది.

ఈ రెండు ఘట్టాలనీ తెలుగు చేసిన పోతన పుచ్చుకోవడం విషయంలో చాలా పట్టింపు ఉన్న మనిషి. కావ్యాన్ని రాజులకిచ్చి ఊళ్లూ, వాహనాలూ, సొమ్మూ తీసుకోవడం తనకి వద్దని అవతారికలో కనబడే పద్యం చెబుతుంది. భాగవతం రాముడికి అంకితమైంది. ఆయన రాజు చేతినుంచి పుచ్చుకోలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల గురించి రాసిన వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం అనే మూడు బాధ్యతల గురించి చెప్పాడు. రాజు దగ్గర పుచ్చుకుంటే మూడోది జీవితాంతం మెడకి చుట్టుకుంటుంది. తిరిగివ్వాల్సిన బరువు లేని చోట ఎలా ఉంటుందో కుచేలుడి కథలో రాశాడు. ఎవరి చెయ్యి వద్దనాలో తెలిసినవాడు కాబట్టే, ఎవరి దగ్గర మొహమాటపడకుండా మూట లాక్కోవచ్చో అంత బాగా రాయగలిగాడేమో.

పుస్తకం మూసి నాన్నకి ఫోన్ చేశాను. అవీ ఇవీ మాట్లాడాక, "ఈసారి వచ్చేటప్పుడు మినుములు తెస్తావా?" అని అడిగాను.

"అక్కడ దొరకట్లేదా?"

"దొరుకుతాయి. నువ్వు తే."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమో అని చూసుకున్నాను.

"ఎన్ని కేజీలు కావాలి?" అన్నాడు.