పేరు మనది, పాఠం ఎవరిది?

తార్నాక దిగి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడిన ప్రతిసారీ మాకు ఒకటే ఆలోచన. 1918లో ఈ విశ్వవిద్యాలయం పైచదువును ఇంగ్లీషులో కాక ఉర్దూలో చెప్పాలని పుట్టింది. పుస్తకాల కోసం అనువాద సంస్థనే పెట్టుకుంది. ఆశయం గొప్పదే, కానీ గోండు, కోయ పిల్లలకు ఉర్దూ కూడా పరాయిదే.

తర్వాత ఇక్కడే మానవశాస్త్రం బోధించిన హైమెండార్ఫ్, 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ పెట్టించారు. గోండిలో వాచకాలు వచ్చాయి. అక్కడ ఆశయమూ పాఠమూ కలిశాయి.

2023 చట్టంతో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. మన కళలు, సంస్కృతి, ఆచారాల మీద బోధన, పరిశోధన దాని బాధ్యత. గోండి, కోయ, కొలామి డిగ్రీలో మార్కులున్న పాఠాలు కావాలి. చెప్పేవాళ్లలో మనవాళ్లుండాలి. లేకుంటే తల్లుల పేరు బోర్డు మీదే మిగులుతుంది.