మాటలతోనే ఎక్కే మెట్టు

గీదం బస్తర్‌లో వ్యాపారాల ఊరు. దంతెవాడకు కాస్త ఇవతల, జగ్దల్‌పూర్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. విశాఖ నుంచి కిరందుల్ వెళ్లే రైలు కూడా ఇక్కడ ఆగుతుంది. సంత రోజున అడవి ఊళ్ల నుంచి చింతపండు, ఇప్పపువ్వు, తేనె వస్తాయి. పచ్చడి నూరుకునే ఎర్రచీమలు ఆకు దొప్పల్లో దిగుతాయి. అమ్మే ఆమె ఇంట్లో మాట్లాడేది గోండీ. కొనే సేటుది హిందీ. సరుకు ఎక్కించుకుపోయే లారీ డ్రైవరు తెలుగువాడు కావచ్చు. బేరం మాత్రం ఎక్కువగా హల్బీలో సాగుతుంది. బస్తర్ అంతటా వేర్వేరు తెగలవాళ్లను, బయటివాళ్లను కలిపే భాష అదే.

వీళ్లలో ఎక్కువమంది హల్బీని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ధర అడిగి, కాదని, పిల్లల సంగతి కనుక్కుని, వాన గురించి గొణిగి, మళ్లీ ధర దగ్గరకు వచ్చి నేర్చుకున్నారు. ఇక్కడ భాషలు ఇలా ఒకదాన్నొకటి ఒరుసుకోవడం కొత్తేమీ కాదు. గీదానికి దగ్గరలోనే ఉన్న బార్సూర్‌లో నాగవంశపు సోమేశ్వరుడి రాణి గంగమహాదేవి వేయించిన శాసనం తెలుగులో ఉంది. శివాలయాలు కట్టించి, వాటికి చేసిన దానాన్ని చెప్పే శాసనం అది.

సంతలో కనిపించే ఈ పద్ధతిని తెలుగు పిల్లలు ఇప్పుడు పట్టుదలగా చదువుతున్న మరో భాష దగ్గరకు తీసుకెళ్లాలని నా కోరిక. ఆ భాష జర్మన్. పై చదువులకని, ఇంజనీరు ఉద్యోగాలకని, ఆసుపత్రుల్లో నర్సు పనికని ఏటా ఎందరో ఆ దారి పడుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది. ఐరోపా లెక్కలో భాషకు ఆరు మెట్లు. ఏ1తో మొదలై సీ2తో ముగుస్తాయి. నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మనీలో సాధారణంగా అడిగేది బి2, అంటే నాలుగో మెట్టు. చాలామంది చతికిలబడేది సరిగ్గా దీని ముందే. అప్పటికి వ్యాకరణం దాదాపు అంతా అయిపోయి ఉంటుంది, మాటల పట్టికలు కంఠతా వచ్చి ఉంటాయి. అయినా పక్క సీటులో ఉన్న జర్మన్ సహోద్యోగి ‘నిన్న ఆదివారం ఏం చేశారు?’ అంటే రెండు ముక్కలు చెప్పి నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు వెనక ఎంత ఉక్కపోత ఉంటుందో పరాయి దేశంలో పనిచేసిన వాళ్లకు తెలుసు.

ఈ చిక్కును దాదాపు 300 ఏళ్ల కిందట ఒక జర్మన్ ఎదుర్కొన్నాడు, అదీ తెలుగుతో. బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడికి వచ్చిన క్రైస్తవ మిషనరీ. 1726లో మద్రాసు చేరి, అక్కడ తెలుగు పట్టుకున్నాడు. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి జర్మనీ వెళ్లాక హాలే నగరంలో 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆయన వ్యాకరణం గురించి మనవాళ్లు రాశారు, తొలి అచ్చు పుస్తకాల గురించీ రాశారు. నాకు వాటన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆయన తెలుగులో కూర్చిన 30 సంభాషణలు. మద్రాసు పట్నం, అక్కడి జనం, వాళ్ల నడవడి, ఆచారాలు, ఇవీ వాటిలోని సంగతులు. వాటి ఇంగ్లీషు రూపం 1750లో హాలేలోనే అచ్చయింది. వ్యాకరణం రాసేంత పట్టు వచ్చిన మనిషి కూడా అక్కడితో ఆగలేదు. ఊరి బతుకును ఇద్దరు మాట్లాడుకున్నట్టు రాయడానికి పూనుకున్నాడు. నాలుగో మెట్టు ఎక్కే ఉపాయం అంతా అందులో ఉంది.

ఆ ఉపాయాన్ని కాస్త విప్పి చూద్దాం. మొదట కావలసింది సొంత సంగతి. పాఠ్యపుస్తకం పర్యావరణం మీద, డిజిటల్ ప్రపంచం మీద మాట్లాడమంటుంది. అలాంటి వాటి మీద మనకు తెలుగులోనే రెండు నిమిషాలకు మించి మాట రాదు, జర్మన్‌లో ఎక్కణ్ణించి వస్తుంది? గీదం పిల్లకు ఇప్పపువ్వు ఏరడం తెలుసు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పూలు తెల్లవారుజామున రాలతాయి. చెట్టు కింద ముందే ఆకులు ఊడ్చి ఉంచుతారు. పొద్దెక్కకముందే ఏరుతారు, ఎండబెడతారు, కొంత దాచుకుని కొంత సంతకు తెస్తారు. దీన్ని జర్మన్‌లో చెప్పబోతే ఏమవుతుందో చూడండి. పూలు ఏరబడతాయి, ఎండబెట్టబడతాయి, అమ్మబడతాయి అనాలి. అంటే ‘వెర్డెన్’ అనే సహాయక క్రియ, దాని వెంట ‘గెజామెల్ట్’, ‘గెట్రొక్నెట్’, ‘ఫెర్‌కౌఫ్ట్’. కర్మణి వాక్యం తెలుగులో కృతకంగా ఉంటుంది, జర్మన్‌లో పని వరసను చెప్పేటప్పుడు అది చాలా మామూలు. అభ్యాసాల పుస్తకంలో వంద ఖాళీలు నింపినా కుదరనిది ఇప్పపువ్వు కథ మూడుసార్లు చెప్పేసరికి నోటికి అలవాటవుతుంది. ‘ఆ వేళ వాన పడితే?’ అని అవతలి మనిషి అడగ్గానే ‘పడి ఉంటే పూలు పాడైపోయేవి’ అనే ఊహా వాక్యం అవసరపడుతుంది. బి2లో పిల్లలను భయపెట్టే రెండు వ్యాకరణాంశాలూ ఒక్క చెట్టు కింద దొరికాయి.

మూడుసార్లు అన్నది ఊరికే అనలేదు. భాషా బోధనలో పేరున్న పద్ధతి ఒకటి ఉంది. ఒకే సంగతిని మొదటి మనిషికి నాలుగు నిమిషాల్లో, రెండో మనిషికి మూడు నిమిషాల్లో, మూడో మనిషికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవాళ్లు మారుతారు కాబట్టి చెప్పేవాళ్లకు విసుగు రాదు. సమయం తగ్గుతుంది కాబట్టి తడుముకోవడం తగ్గుతుంది. ఇంట్లో జర్మన్ వచ్చినవాళ్లు లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ఒంటరిగానైనా చేయొచ్చు.

ఇక మాట గుర్తుకు రానప్పుడు. సంతలో అమ్మే ఆమె మాట తెలియకపోతే ఆగిపోదు, చేత్తో చూపిస్తుంది, వర్ణిస్తుంది. జీలుగు చెట్టుకు జర్మన్ పేరు తెలియని పిల్ల ‘దేని నుంచి కల్లు తీస్తారో ఆ చెట్టు’ అని చుట్టు తిప్పి చెబితే పని జరిగిపోతుంది. నిఘంటువు కోసం ఫోన్ తీసిన క్షణంలో సంభాషణ తెగుతుంది. చుట్టు తిప్పి చెప్పే నేర్పు బి2 మనిషి గుర్తుల్లో ఒకటి. దీన్ని తప్పించుకోవడం కింద లెక్కగట్టే ఉపాధ్యాయులతో నేను ఏకీభవించను.

తెలుగువాళ్లకు ఇక్కడ పుట్టుకతో వచ్చిన కలిమి కొంత ఉంది. జర్మన్‌లో ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘వైల్’ తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లీషువాళ్లు దానితో అవస్థ పడతారు. మనకు క్రియ చివర ఉండటమే సహజం. నువ్వు, మీరు తేడా కూడా అంతే. ‘డు’, ‘జీ’ అన్న రెండు పిలుపులు మనకు వింత కాదు. కాకపోతే వాళ్ల మర్యాద వేరు. పెద్దవాళ్లో పై ఉద్యోగో ‘ఇక డు అనుకుందాం’ అనేదాకా చిన్నవాళ్లు ‘జీ’ దగ్గరే ఆగాలి. ‘డోఖ్’, ‘మాల్’, ‘హాల్ట్’ లాంటి చిట్టి మాటలు మన ‘కదా’, ‘లే’, ‘మరి’ చేసే పనే చేస్తాయి. పుస్తకంలో వాటికి అర్థాలు రాసి ఉన్నా ఎక్కడ వేయాలో చెవికే తెలియాలి.

అందుకు జత కావాలి. 1963లో ఫ్రాన్సు, జర్మనీలు స్నేహ ఒప్పందం చేసుకున్నాక రెండు దేశాల యువకులను కలిపిన శిబిరాల్లో టాండెమ్ అనే జతల పద్ధతి బలపడింది. ఇద్దరు కూర్చుంటారు. సగం సమయం ఒకరి భాష, సగం సమయం మరొకరిది. ఎవరూ గురువు కాదు, ఎవరికీ జీతం లేదు. భారతదేశానికి రావాలనో, తెలుగు ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వచ్చామనో తెలుగు నేర్చుకోవాలనుకునే జర్మన్లు ఉంటారు. వాళ్లకు మనం ఇవ్వగలిగింది ఉంది. షరతు ఒక్కటే, మాట్లాడేటప్పుడు తప్పులు దిద్దకూడదు. రాసి పెట్టుకుని చివరి అయిదు నిమిషాల్లో, అదీ రెండు మూడే చెప్పాలి. ప్రతి తప్పుకూ ఆపితే మనిషి ముడుచుకుపోతాడు.

సంభాషణలో ఎదుటివాళ్ల బతుకు కూడా బయటపడుతుంది. ఆదివారం కొట్లు మూసేస్తారని, ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయని, రాత్రి వేడి వంట లేకుండా రొట్టె, చీజ్‌తో ముగించే ఇళ్లు ఎన్నో ఉన్నాయని పాఠంలో చదివితే పరీక్ష కోసం గుర్తుంటుంది. ‘మరి మీ పిల్లలకు వేడన్నం తినాలని ఉండదా?’ అని అడిగి జవాబు వింటే మనిషి అర్థమవుతాడు. చివరికి వార్డులో రోగి పక్కన నిలబడే నర్సుకు పనికొచ్చేది ఈ అర్థం కావడమే. ముసలి రోగి నొప్పి గురించి సూటిగా చెప్పడు, తన కుక్క గురించి, తోట గురించి చెబుతాడు. ఆ మాటలు అందుకోగలిగితేనే నొప్పి సంగతి తెలుస్తుంది.

ఇలా మాటలతోనే మనుషులకు దగ్గరైనవాడు మరొకడున్నాడు. వియన్నాలో పుట్టి, జర్మన్ మాతృభాషగా పెరిగిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య బతికి గోండీ నేర్చుకున్నాడు. అక్కడి మార్లవాయి ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించాడు. అక్కడి జనం ఆయన్నీ, ఆయన భార్య బెట్టీనీ ఇప్పటికీ తలుచుకుంటారు. నిప్పు చుట్టూ కూర్చుని వాళ్ల పండుగలు, పంటలు, పెళ్లిళ్ల గురించి మాట్లాడనివాడికి ఆ చనువు దొరకదు.

ఇక పరీక్ష సంగతి. జర్మన్ భాషా పరీక్షలు నడిపే గేటే సంస్థ బి2 పరీక్షలో మాట్లాడే భాగం సుమారు 15 నిమిషాలు, మామూలుగా ఇద్దరు అభ్యర్థులను కలిపి పెడతారు. ఒక చిన్న ప్రసంగం, తర్వాత ఇద్దరి మధ్య చర్చ. నూటికి 60 వస్తే గట్టెక్కినట్టే. ఆ పావుగంట కోసం నెలల తరబడి నమూనా ప్రశ్నలు బట్టీ పట్టించే శిక్షణ కేంద్రాలకు నా విన్నపం ఇది. వారంలో ఒక్క గంట పుస్తకాలు మూయించండి. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి వాళ్ల ఊరి సంత గురించి, ఇంటి వంట గురించి, అమ్మ చేసే పని గురించి జర్మన్‌లో చెప్పించండి. అవతలి వాళ్ల చేత ప్రశ్నలు అడిగించండి. గీదం నుంచైనా గుంటూరు నుంచైనా వచ్చిన పిల్లకు చెప్పడానికి సరుకు ఇప్పటికే ఉంది, వినే మనిషిని మీరు ఏర్పాటు చేయండి చాలు.