గోబ్లిన్ ఏ సర్కిల్‌లో చేరాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో వచ్చింది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు, ఏది జరిగిందీ కానిదీ పాచికలు తేలుస్తాయి. పాత్రకి మొదట ఖరారు చేయాల్సినవి రెండు: పుట్టుక, పని. ఈ రెండు మాటలు పక్కపక్కన వినబడితే మనం ఊరుకోలేం కదా!

గోబ్లిన్‌గా పుట్టిన పాత్ర డ్రూయిడ్ పని ఎంచుకుంటే ఏ సబ్‌క్లాస్ తీసుకోవాలి అన్నది ఆటగాళ్ల మధ్య తరచూ నలిగే ప్రశ్న. డ్రూయిడ్ సబ్‌క్లాసుల్ని సర్కిల్ అంటారు. పైకి ఇది ఉత్త లెక్కల వ్యవహారం. ఆ లెక్కలు చూద్దాం. వాటి కింద ఏముందో కూడా చూద్దాం.

మొదట గోబ్లిన్ సంగతి. 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో గోబ్లిన్ చంపదగ్గ జీవి. దాని ప్రాణం విలువ ఏడు పాయింట్లు. పేరు పక్కనే స్వభావం కూడా అచ్చేశారు: దుష్టం. పుట్టీపుట్టకముందే నేరస్థుడన్నమాట. 2016లో వోలోస్ గైడ్ టు మాన్‌స్టర్స్ అనే పుస్తకం గోబ్లిన్‌ని ఆటగాడి పాత్రగా ఒప్పుకుంది. అదే పుస్తకం గోబ్లిన్ల సమాజం నాలుగు మెట్ల కులవ్యవస్థ అని కూడా చెప్పింది. పైన కొరడా పట్టేవాళ్లు, తర్వాత వేటగాళ్లు, తర్వాత తిండి పోగుచేసేవాళ్లు. అందరికన్నా కింద 'పరయా'లు. పశువుల దొడ్లు ఎత్తడం, మిగతావాళ్ల మురికి కడగడం, గనులు తవ్వడం వీళ్ల పని.

ఆ మాట ఎక్కడిది? తమిళ దేశపు పరైయర్ల కులం పేరు అది. ఇంగ్లీషువాళ్లు ఎత్తుకుపోయి 'వెలివేయబడ్డవాడు' అనే అర్థంలో వాడుకున్నారు. బతికున్న మనుషుల పేరు కల్పిత రాక్షసుల లోకంలో అట్టడుగు మెట్టుకి బోర్డయింది. రాసినవాళ్లకి ఈ సంగతి తెలుసా లేదా అన్నది కాదు ప్రశ్న. తెలియకుండానే రాయగలగడమే అసలు సంగతి. కాబట్టి మన గోబ్లిన్ పరయా ఇంట్లో పుట్టిన పిల్ల అనుకుందాం.

ఇక డ్రూయిడ్. ఈ పేరు పాత గాల్ దేశపు పురోహిత వర్గానిది. వాళ్ల గురించి జూలియస్ సీజర్ రాశాడు: యుద్ధానికి పోరు, పన్నులు కట్టరు, విద్యని అక్షరంలో పెట్టరు, కొందరు ఇరవయ్యేళ్లు నోటితో వల్లెవేసి నేర్చుకుంటారు. మనకి ఎవరో గుర్తొస్తున్నారా? ఆటలో కూడా డ్రూయిడ్లకి వాళ్లకి మాత్రమే తెలిసిన రహస్యభాష ఉంది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనుషుల పాత్రలూ, సగం ఎల్ఫుల పాత్రలూ తప్ప మరెవరూ డ్రూయిడ్ కాలేరు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తోగానీ ఏ పుట్టుకవాళ్లయినా ఏ పనైనా చేయొచ్చన్న నియమం రాలేదు.

తలుపు తెరిచారు గానీ గడప ఎత్తుగానే ఉంచారు. డ్రూయిడ్ మంత్రాలకి మూలం వివేకం అనే గుణం. 2016 గోబ్లిన్‌కి పుట్టుకతో చురుకుదనం రెండు, ఒంటి గట్టితనం ఒకటి కలుస్తాయి, వివేకం సున్నా. పాయింట్లు పంచుకునే పద్ధతిలో గోబ్లిన్ పదిహేను దగ్గర ఆగిపోతుంది, వివేకం పుట్టుకతో వచ్చినవాళ్లు దాటిపోతారు. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్క అంకె తేడా, అంటే నూటికి అయిదు. చిన్నదే, కానీ ప్రతి విసురులోనూ ఉంటుంది. 2020లో టాషాస్ కాల్డ్రన్ పుస్తకం ఆ అంకెల్ని ఇష్టమైన చోట పెట్టుకోవచ్చంది. 2022 పుస్తకం దాన్నే గోబ్లిన్‌కి నియమం చేసింది.

ఇప్పుడు సర్కిళ్లు. బలం కావాలంటే మూన్ సర్కిల్ అంటారు. 2014 నియమాల్లో రెండో లెవెల్‌కే గోధుమరంగు ఎలుగుబంటిగా మారొచ్చు. నిజంగా బలమే. కానీ గోబ్లిన్‌కి 'చిన్నవాళ్ల కోపం' అనే శక్తి ఉంది, తనకన్నా పెద్ద శరీరం ఉన్నవాడి మీదే అది పనిచేస్తుంది. ఎలుగుబంటి అయ్యాక మామూలు మనిషి తనకన్నా చిన్నవాడైపోతాడు, కోపం చెల్లదు. పెద్దవాళ్ల ఒళ్లు తొడుక్కున్నవాళ్లకి ఏమవుతుందో ఉద్యమాల్లో తిరిగినవాళ్లకి వేరే చెప్పాలా?

రెండోది స్పోర్స్ సర్కిల్. గోబ్లిన్‌కి అచ్చంగా సరిపోయిందని ఎక్కువమంది మెచ్చుకునేది దీన్నే. కుళ్లు, బూజు, శవం దీని సరంజామా. 2018లో రావ్నికా పుస్తకంతో వచ్చింది, అక్కడ ఊరి చెత్తా మురుగూ చూసుకునే గోల్గారి సంఘానిది. లెక్కలు కూడా కుదురుతాయి. బూజు కవచం లెవెల్‌కి నాలుగు చొప్పున తాత్కాలిక ప్రాణం ఇస్తుంది, దగ్గరికొచ్చినవాణ్ని బూజు కొడుతుంది, గోబ్లిన్ తన బోనస్ యాక్షన్‌తో తప్పించుకుపోతుంది. బాగానే ఉంది. కానీ 'సరిపోయింది' అనేదెవరు? మురికి ఎత్తే ఇంట్లో పుట్టినదానికి మురికి విద్యే సరిపోతుందనడం మనం వినని మాటా? ఆటగాడు తెలిసి ఎంచుకుంటే తప్పులేదు, కుళ్లులోంచి ప్రాణం తీయడం గొప్ప జ్ఞానమే. సహజమని చేతిలో పెడితేనే పేచీ.

డ్రీమ్స్, షెపర్డ్, స్టార్స్ వగైరాలకి ఎవరి బలాలు వాళ్లకున్నాయి. నా ఓటు మాత్రం లాండ్ సర్కిల్‌కి. దీన్ని చప్పనిదంటారు, మీద పడి కొట్టేదేం లేదు గనక. 2014 పుస్తకంలో వీళ్లు పాత జ్ఞానాన్ని నోటితో కాపాడే పెద్దలు. రోజుకొకసారి కాసేపు కూర్చుంటే ఖర్చయిన మంత్రశక్తిలో కొంత తిరిగొస్తుంది. ఈ సర్కిల్ విద్యలేవీ బోనస్ యాక్షన్ అడగవు, కాబట్టి గోబ్లిన్ ఒక మంత్రం వేసి, ఆటంకం చాటుంటే అదే వంతులో దాక్కోవచ్చు. కనబడనివాణ్ని కొట్టడం కష్టం. దెబ్బ తగలకపోతే మంత్రం చెదరదు. పదో లెవెల్‌కి విషమూ రోగమూ అంటవు.

అంతకన్నా ముఖ్యం, ఏ నేలమీద డ్రూయిడ్ అయిందో ఆ నేల మంత్రాలు దక్కుతాయి. ఎనిమిది రకాల నేలలున్నాయి, వాటిలో భూగర్భం ఒకటి. గోడలెక్కడం, వల పన్నడం అక్కడి మొదటి మంత్రాలు. గనులు తవ్విన పిల్లకి ఆ చీకటి, ఆ రాయి కొత్తవి కావు. స్పోర్స్ ఆమెకి అంటగట్టిన పేరుని విద్యగా ఇస్తుంది. లాండ్ ఆమె తవ్విన నేలనే ఆమెకి ఇస్తుంది. నేలా విద్యా రెండూ దక్కనివాళ్లకి ఈ తేడా తెలుస్తుంది.

2022లో గోబ్లిన్ల కథ మారింది. మాయాలోకం నుంచి వచ్చినవాళ్లనీ, మగ్లుబియెట్ అనే దేవుడు జయించి లొంగదీసుకున్నాడనీ చెప్పారు. దుష్ట స్వభావం పోయి ఓటమి చరిత్ర వచ్చింది. అది మంచిదే. 2024 పుస్తకంలో 'రేస్' తీసేసి 'స్పీషీస్' అన్నారు. జాతి అనేదానికి బదులు జీవజాతి అంటే గోడ తగ్గిందా, పెరిగిందా? పేర్లు మార్చడం కంపెనీ చేతిలో ఉంది. బల్ల దగ్గర మాత్రం కథ నడిపేవాళ్ల చేతిలో ఉంది. పరయా పిల్ల రాళ్ల వలయం దగ్గరికొస్తే పెద్ద డ్రూయిడ్లు ఏమంటారో వాళ్లు ఆడి చూపించాలి. సర్కిల్ ఏదని అడిగేముందు ఆ సన్నివేశం ఆడండి.