రంది కాగితంలో కులం గడి ఏది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మనసు చెదిరిన మనిషిని ‘రంది పెట్టుకున్నడు’ అంటరు. ముదిరితే ‘మనాది పట్టింది’ అంటరు. రంది అనగానే పక్కవాళ్లు అడిగే మొదటి మాట ‘దేనికి?’. రంది మనిషి లోపల ఉన్నా, దాని కారణం బయట ఉంటుందని మన జనానికి ఎరుకే. మానసిక చికిత్సకు ఈ ఎరుక ఎంత ఉందన్నదే మా ప్రశ్న.

పనిచోట దెబ్బతిన్నవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా సూచించే చికిత్సల్లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఒకటి. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ దీనికి రూపమిచ్చాడు. జరిగిన సంఘటన, వచ్చిన ఆలోచన, కలిగిన బాధ కాగితం మీద గళ్లు గీసి రాయాలి. ఆ ఆలోచనకు సాక్ష్యం ఉందా అని చూడాలి. భయపడి తప్పించుకుంటున్న పనిని మెల్లమెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. ఆఘాతం తర్వాతి జబ్బుకు దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది.

మేము దీన్ని కొట్టిపారేయడం లేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పైకప్పు కూలి తోటివాడు పోవడం చూసిన కార్మికుణ్ణి ఊహించండి. ‘నేను ఒక్క కేక వేసి ఉంటే బతికేటోడు’ అని కుమిలిపోతున్నడు. ఆ నేరం తనది కాదని సాక్ష్యాలతో తేల్చుకోవడం అతనికి నిజంగా ఊరట.

ఇక ఒక ఆఫీసు ఊడ్చే దళిత స్త్రీని ఊహించండి. అధికారి గది తలుపేసి కులం పేరుతో తిట్టిండు. ఆమె కాగితం మీద రెండు ఆలోచనలు రాసింది. ఒకటి: ‘నేను తక్కువదాన్ని’. రెండు: ‘రేపు మళ్లీ తిడతడు’. మొదటిది అబద్ధం, దాన్ని చికిత్స కూల్చాలి. రెండోది నిజం. దాన్ని కూడా ‘ముందే కీడు ఊహించుకునే అలవాటు’ అనే ఖాతాలో వేస్తే అది రెండో అవమానం. మంచి థెరపిస్టు నిజమైన ఆపదను ఆలోచనా దోషం అనడు, నిజమే. కానీ ఆపదను గుర్తుపట్టాలంటే కులం తెలిసి ఉండాలి. కాగితంలో ఆ గడి లేదు.

సాక్ష్యం అనే మాట దగ్గరే మన చిక్కంతా. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా సాక్ష్యమే అడుగుతుంది. అవమానం నలుగురి కంటపడే చోట జరగాలంటుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తలుపేసి తిట్టిన తిట్టుకు కోర్టులో సాక్ష్యం లేదు. థెరపీ గదిలో కూడా లేకపోతే ఆమె ఎక్కడికి పోవాలె?

1917లో అంబేద్కర్ కొలంబియాలో చదువుకొచ్చి బరోడా కొలువులో చేరాడు. ఇల్లు దొరకక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజు డజను మంది కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్లకు కూడా తలచుకుంటే కన్నీళ్లు ఆగవని రాసుకున్నాడు. అంతటి తార్కికునికి లోపించింది సరైన ఆలోచనా? కాదు. లోపించింది తలదాచుకునే గది. 1927లో ఆయన వేలమందితో మహద్ చెరువుకు నడిచాడు. దాన్ని చికిత్స అనబోము. కానీ భయపెట్టిన చోటికి మళ్లీ నడవాల్సింది ఒంటరిగా కాదని మాత్రం అది చెబుతుంది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వైద్యంలో కులవివక్ష కూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అంటే గడప దాకా కులాన్ని గుర్తించారు, గది లోపలి కాగితంలో మరిచారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లోనే ఆఘాతపు జబ్బును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. మన 2020 సామాజిక భద్రతా కోడ్ పట్టికలో మనసు జబ్బుకు చోటే లేదు.

కాబట్టి ఈ కాలేజీల్లో చదివే పిల్లలకు, సంఘాల్లో పనిచేసే మిత్రులకు మేము చెప్పేది ఒక్కటే. కాగితంలో ఇంకో గడి గీయండి: ‘ఇందులో ఏది నా ఆలోచన, ఏది వాళ్ల పని?’ మొదటిదానికి థెరపీ. రెండోదానికి ఫిర్యాదు, యూనియన్, చట్టం. రెండూ కలిసి నడవకపోతే, ఆమెను అదే గదికి ఓపిక నేర్పి పంపినట్టే అవుతుంది.